నాయిన సంతకం

మా నాయినకు పక్షవాతం వచ్చింది పోయినేడు మే నెలాఖరులో. ఉరవకొండ పక్క మా ఊళ్లో పొద్దున్నే ఎద్దులకు మేత వేస్తూ వేస్తూ గాటిపాట్లోనే కూలబడినాడు. అమ్మ చూసేసరికి మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. పావురం రక్తం పూస్తే సరిపోతుందని పక్కింటాయన పావురం కోసం పోయినాడంట. ఆయన వచ్చేలోపల మా చిన్నాయన కొడుకు 108కి ఫోన్ చేసినాడు, బతికిపోయినాము. మెదడులో రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపల పడాల. రెండు గంటల్లో అనంతపురం చేరినాము. స్కానింగు, ఇంజక్షను అన్నీ అయినాయి. ప్రాణానికి భయం లేదన్నారు.

ఆ తర్వాత వార్డులో పద్దెనిమిది రోజులు. అసలు కథ అదే.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తా. ప్రతి ఏడూ ఫిబ్రవరిలో పదో తరగతి పిల్లలకు ధైర్యం చెప్పే ఉపన్యాసం ఒకటి దంచుతా. మంచం పక్కన కూర్చుని అదే మొదలుపెట్టినా. "నాయినా, మనసు గట్టి చేసుకుంటే కానిది ఏముంది..." అంటుండగానే ఆయన గోడ పక్కకు తిరిగినాడు. ఆ తిరగడం కూడా సగమే. కుడి భుజం రాలేదు.

ఫిజియోథెరపీ మేడం రోజూ పదకొండుకు వచ్చేది. ఆదోని అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. మొదటి రోజే నన్ను కసిరింది. నాయినను లేపడానికి ఆ పడిపోయిన చేతినే పట్టి లాగుతున్నా. "సార్, ఆ చెయ్యి లాగొద్దండి. కండల్లో బిగువు లేదు, భుజం కీలు జారిపోతుంది. నడుం దగ్గర పట్టుకోండి." ఆ మాట అంతకుముందు మాకు ఎవరూ చెప్పలేదు.

నాయినకు మాత్రం ఆమె చెప్పే వ్యాయామం ఏదీ నచ్చలేదు. "కరెంటు పెట్టు తల్లీ" అనేవాడు, ముద్దముద్దగా. వార్డులో అందరిదీ అదే మాట. మిషను వైర్లు చేతికి అతికించి స్విచ్ వేస్తే కండ దానంతటదే ఎగురుతుంది, మనం పడుకుని చూస్తే చాలు. కాలు ఎత్తాలంటే మనమే ఎత్తాల కదా. ఎత్తబోయినప్పుడు లేవకపోతే ఆ సంగతి పదిమందికీ తెలిసిపోతుంది. కరెంటుతో ఆ బాధ లేదు.

మేమూ ఒక చెయ్యి వేసినాం దానికి. అమ్మ సంగటి ముద్ద నోట్లో పెట్టేది. నీళ్ల గ్లాసు నేను పట్టేవాణ్ని. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "కదలొద్దు మామా, పండుకో" అనేవాళ్లే. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు "మూడు నెలల్లో నడిపిస్తాం పెద్దాయనా" అంటే, సాయంత్రం వచ్చిన ఇంకో డాక్టరు "ఈ వయసులో ఎంత వస్తే అంత" అని నాకు చెప్పినాడు, నాయిన వినేటట్లు. రెండు మాటల్లో ఆయన ఏది పట్టుకున్నాడో చెప్పక్కర లేదు.

పక్క మంచంలో కళ్యాణదుర్గం లారీ డ్రైవరు. మా తర్వాత రెండు రోజులకు వచ్చి, ఆరో రోజుకే గోడ పట్టుకుని నడిచినాడు. "వానికి తక్కువొచ్చింది" అని నాయిన రెండు రోజులు కాలు కదపలేదు. తర్వాత ఎదురు మంచంలోకి మాటే పడిపోయిన మనిషి వచ్చినాడు. ఆయన్ను చాలాసేపు చూసి నాయిన నిదానంగా మోకాలు ముడిచినాడు. ఇది మంచి గుణమని నేను చెప్పను. పని చేసింది, అంతే.

ఇంకోటి మా ఇంటిది చెప్పాల. ఒకరోజు నేను బడికి పోవాల్సొచ్చి, అమ్మ ఊరికి పోయి, నా భార్య ఒక్కతే ఉంది. బెడ్‌పాన్ ఆమే పెట్టింది. మరుసటి రోజు మధ్యాహ్నం నుంచి నాయిన నీళ్లు తాగడం మానేసినాడు. ఎందుకో మాకు అర్థం కాలేదు, మేడంకు అయ్యింది. "బాత్రూంకు మీరే నడిచిపోవాలంటే ముందు మంచం అంచున కూర్చోవాల" అన్నదంతే. ఆ రోజు ఏ గొణుగుడూ లేకుండా కూర్చున్నాడు.

కానీ ఆయన్ను నిజంగా కదిలించింది తొమ్మిదో రోజు జరిగింది.

ఏదో కాగితం మీద రోగి సంతకం కావాలని ఒకతను సిరా ప్యాడ్ తీసుకుని వచ్చినాడు. నేను కింద టీ తాగుతున్నా. నాయిన పంచె, పడిపోయిన చెయ్యి చూసి ఏమనుకున్నాడో, ఎడమ బొటనవేలు పట్టుకుని ముంచి అద్దించేసుకుని పోయినాడు. నేను వచ్చేసరికి నాయిన ఆ వేలిని దుప్పటికి రుద్దుతున్నాడు. దుప్పటంతా నీలం మరకలు. పోవడం లేదు. ఉమ్మి తడిపి మళ్లీ రుద్దినాడు.

మా నాయిన చదివింది ఐదో తరగతి. కానీ మా వీధిలో భూమి కాగితాలకైనా, సొసైటీ అప్పుకైనా సాక్షి సంతకం ఆయనదే. పెద్ద అక్షరాలు, చివరి అక్షరం తోక వెనక్కి లాగి, దాని కింద రెండు చుక్కలు. ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద ఆ సంతకం నేను దొంగగా పెట్టి తన్నులు తిన్నా. "చుక్కలు మర్చిపోయినావు కదరా నా కొడకా" అని మరీ తన్నినాడు. అట్లాంటి మనిషితో వేలిముద్ర వేయించినారు.

ఆ రాత్రి పదింటప్పుడు "పె...న్ను" అన్నాడు. ఇచ్చినా. జారి కింద పడింది. మళ్లీ ఇచ్చినా. మళ్లీ పడింది.

పొద్దున మేడంకు చెప్పినా. ఆమె ఉపన్యాసం ఏమీ చెప్పలేదు. పాత టవలు చించి పెన్నుకు చుట్టచుట్టగా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ములక్కాయంత లావు చేసింది. "సన్నంది పట్టాలంటే వేళ్లు బాగా ముడుచుకోవాల సార్. లావుగా ఉంటే పట్టు దొరుకుతుంది." దానికి వెల కూడా పెట్టింది. రాయాలంటే ఆనుకోకుండా కూర్చోవాల, రెండు పాదాలూ నేలకు ఆనాల, కాగితం ముందు బల్ల మీద ఉంటుంది, వంగి అందుకోవాల. నడుం, భుజం, కాళ్లు అన్నీ అందులోనే వచ్చేసినాయి. కరెంటు మాట నాయిన మళ్లీ ఎత్తలేదు. మొదటి నాలుగు రోజులు కాగితం మీద గీతలే. ఐదో రోజు నాకు తోక కనిపించింది. చుక్కలు లేవు.

తర్వాత ఒకసారి నెట్‌లో 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన చదివినా. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్న 22 మందితో మాట్లాడి రాసింది. ఇంటికి పోవాలన్న తహతహ, పక్కవాళ్ల కంటే నేనే మేలనుకోవడం, ఈ వ్యాయామం ఎందుకో విడమరిచి చెప్పేవాళ్లుండటం ఉత్సాహం పెంచుతాయంట. ఇంట్లోవాళ్ల అతి జాగ్రత్త, తలా ఒక మాట చెప్పడం తగ్గిస్తాయంట. మా వార్డులో కూర్చుని రాసినట్లుంది. మేము చేసిన తప్పులన్నీ వరసగా ఉన్నాయి. సిరా ప్యాడ్ ఒక్కటే లేదు.

ఇంటికి వచ్చినాక అమ్మ చాటలో చెనిక్కాయలు పోసి ముందర పెట్టింది, విత్తనానికి కాదు, వేళ్లకు. మొదట్లో పూటకు రెండు కాయలు ఒలిస్తే గొప్ప. ఎడం చెయ్యి సాయం పోతే అమ్మ ఆ చేతి మీద కొట్టేది.

ఆగస్టులో పంట రుణం రెన్యూవల్‌కు బ్యాంకుకు పోయినాము. కర్ర పట్టుకుని మెట్లు ఆయనే ఎక్కినాడు. సంతకం పెట్టినాడు, రెండు చుక్కలతో సహా. కౌంటర్లో పిల్లోడు కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపినాడు. "పాత సంతకంతో కలవడం లేదు సార్. వేలిముద్ర వేయించండి, తొందరగా అయిపోతుంది."

నాయిన నా పక్క చూడను కూడా చూడలేదు. కర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చున్నాడు. సంతకం నమూనా ఇచ్చే కొత్త స్పెసిమెన్ కార్డు అడిగినా. మూడు గడుల్లో మూడు సంతకాలు పెట్టాల. రెండు బాగానే వచ్చినాయి. మూడో దాని తోక గడి దాటి బయటికి పోయింది. వెనక లైనులో ఎవరో దగ్గినారు. పిల్లోడు నిట్టూర్చి ఇంకో కార్డు ఇచ్చినాడు.

నాయిన జేబులోంచి టవలు గుడ్డ చుట్టిన తన పెన్ను తీసి, మళ్లీ మొదటి గడి నుంచి మొదలుపెట్టినాడు.