300 మీటర్ల కోర్ డ్రిల్లింగ్: రిగ్గు మీద నా అనుభవం

కోర్ డ్రిల్లింగంటే భూమిలోంచి రాయిని కడ్డీలా (అదే కోర్) కోసి తీయడం. అందులో టైమంతా రాయి కోయడానికే పోతుందనుకుంటారు బయటివాళ్ళు. హోల్లో తిరిగే ఇనుప గొట్టాలు, అంటే రాడ్లు, పైకి లాగడం, మళ్ళీ దించడం కూడా బోలెడు టైము తింటాయి. వేళ్ళు నలిగేది కూడా అక్కడే. టంగుటూరు మండలం కొణిజేడు దగ్గర ఇనుపరాయి గుట్టల్లో 300 మీటర్ల హోల్ నా చేతికొచ్చినప్పుడు, షిఫ్టు ఇన్‌చార్జిగా ముందు వేసుకున్న లెక్క ఇది. రాడ్డు పొడవు 3 మీటర్లు, బరువు 23 కిలోలకు అటూఇటూ. అడుగుదాకా వెళ్తే వంద రాడ్లు, రెండు టన్నుల పైమాట. మా రిగ్గు మాస్టు (రాడ్లు ఎత్తే స్తంభం) పొట్టిది, ఒక్కో రాడ్డూ విడిగా విప్పాల్సిందే. రాయి కోసే కొన, అదే బిట్, అరిగిందని ఒక్కసారి మొత్తం తీసి దించితే వంద జాయింట్లు విప్పాలి, వంద బిగించాలి. అన్నిసార్లూ ఎవరిదో ఒకరి చెయ్యి ఇనుము పక్కనే ఉంటుంది.

ప్రకాశంలో బోరుబండి తెలియనివాళ్ళుండరు. అది సుత్తితో కొట్టి, రాయిని పిండి చేసి, కంప్రెసర్ గాలితో ఊదేస్తుంది. మాకు పిండితో పనిలేదు, రాయి కడ్డీలా బయటికి రావాలి. ఎన్‌క్యూ అనే సైజులో హోల్ 75.7 మిల్లీమీటర్లు, కోర్ 47.6. వైర్‌లైన్ పద్ధతి కాబట్టి కోర్ కోసం రాడ్లు తీయక్కర్లేదు. తీగ చివర ఓవర్‌షాట్ అనే కొక్కెం దించితే, రాడ్ల లోపల కోర్ నిండే ట్యూబును పట్టుకుని కోర్‌తో సహా తెచ్చేస్తుంది. రాడ్లన్నీ తీయాల్సివచ్చేది బిట్ పోయినప్పుడో, లోపల ఏదైనా ఇరుక్కున్నప్పుడో. కాబట్టి బిట్ ఎక్కువ నడిస్తే మీటర్లూ పెరుగుతాయి, వేళ్ళూ మిగులుతాయి.

గోడౌన్ నుంచి వచ్చినవి గట్టి మ్యాట్రిక్స్ (వజ్రపు రవ్వలను పట్టి ఉంచే లోహం) బిట్లు. గట్టి రాయికి గట్టి బిట్ అని వాళ్ళ లెక్క. అసలు సంగతి దానికి తిరగబడి ఉంటుంది. ఇక్కడి మాగ్నటైట్ క్వార్ట్జైట్ లాంటి బిగువైన రాతిలో మ్యాట్రిక్స్ అరగాలి, అరిగితేనే కింది వజ్రపు రవ్వలు బయటపడతాయి. అరగకపోతే పై రవ్వలు నున్నబడి బిట్ అద్దంలా మెరుస్తుంది, రాయి మాత్రం తెగదు. అప్పుడు డ్రిల్లరు లోడు పెంచుతాడు, రాడ్లు వణుకుతాయి, హోల్ పక్కకు పోతుంది. "మెత్తది పంపితే రెండ్రోజుల్లో అరగదా సార్?" అని గోడౌన్ నుంచి ఫోను. "అరగడానికేగా అది" అన్నాను. మెత్తవి వచ్చాక బిట్ ముఖం మీద గోరుతో గీసి చూసుకునేవాణ్ణి. గరగర తగిలితే సరే, జారిపోతే అనుమానమే.

తర్వాతి తగాదా బత్తా మీద. డ్రిల్లర్లకు మీటరు లెక్కన ఇచ్చేవాళ్ళు. లోపల కోర్ ఇరుక్కుంటే పంపు గేజిలో ప్రెషరు ఎగబాకుతుంది, ముందుకు సాగడం తగ్గిపోతుంది. ఆ క్షణానే ఆపి ట్యూబు లాగాలి. మీటర్లు పోతాయని నెడితే కోర్ అరిగి బురదవుతుంది, బిట్ కూడా కాలుతుంది. హోల్ లోతు కాదు, పెట్టెలో పేర్చిన కోర్ పొడవు చూసి బత్తా ఇమ్మని ఆఫీసును అడిగాను. గొణిగారు, కానీ ఒప్పుకున్నారు. ఆ తర్వాత గేజి వైపు చూడమని ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

తిరిగే రాడ్లకు ముందు ఇనుప జాలీ గార్డు ఉంటుంది, తెరిస్తే రొటేషన్ ఆగాలి. దాని స్విచ్చిని తీగతో కట్టేసి ఉంచారు. తీగ కత్తిరించేశాను. షిఫ్టు మొదట్లో ఎమర్జెన్సీ స్టాపును నిజంగా నొక్కి చూడటం, రాడ్లను తిప్పే స్పిండిల్ కదిలే అవకాశం ఉన్నంతసేపు పైపు రెంచి రాడ్డుకు తగిలించకపోవడం, ఇవి తేలిగ్గానే అలవాటయ్యాయి.

తువ్వాలుతోనే చచ్చే చావొచ్చింది. రోహిణికార్తె ఎండకు హెల్పర్లంతా మెడలో తువ్వాలు వేసుకుంటారు. దాని కొస రాడ్డుకు చుట్టుకుంటే మనిషిని లాగేసుకోవడానికి సెకను చాలు. తీసెయ్యమంటే మా పెద్ద హెల్పరు, "తువ్వాలు తీస్తే ఈ ఎండ నువ్వు మోస్తావా అబ్బాయ్?" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. హెల్మెట్ వెనక మెడ మీదికి వేలాడే గుడ్డ కుట్టించాను, రిగ్గు పడమటి వైపు గ్రీన్ నెట్ కట్టించాను. రాడ్లు తీసే పని వీలైనంతవరకు తెల్లవారుజామున పెట్టుకున్నాం. తువ్వాళ్ళు వాటంతటవే నీళ్ళ క్యాన్ల మీదికి చేరాయి.

హోల్ ఎటు పోతోందో చూసే సర్వేలో అయస్కాంత దిక్సూచి మీద ఆధారపడే పరికరాన్ని ఇక్కడ నమ్మలేం. చుట్టూ అయస్కాంతగుణమున్న మాగ్నటైటే, దిక్కు తప్పు చూపిస్తుంది. అయస్కాంతంతో పనిలేని గైరో తెప్పించాం. పగుళ్ళు తగిలి, పంపుతో లోపలికి పంపిన నీళ్ళు పైకి తిరిగిరాని చోట లోపలి ట్యూబును ఊరికే వదిలెయ్యకుండా తీగతో దించాం. నీళ్ళు లేని హోల్లో అది రాయిలా పడి కింద అన్నీ పగలగొడుతుంది.

హోల్ పూర్తయ్యాక పక్క పొగాకు చేను రైతు వచ్చాడు. "సారూ, అంత లోతు పోయారుగా, పూడ్చబాకండి, మోటారు దించుకుంటా." నాలుగంగుళాల మోటారు ఇందులో దూరదని చెప్పి, ఆయన కళ్ళముందే హోల్ అడుగు నుంచి సిమెంటు పాలు పోసి, పైన కాంక్రీటు దిమ్మె మీద హోల్ నంబరు వేయించాను. "పోనీ ఆ నీళ్ళ గుంటన్నా ఉంచండి, గేదెలు తాగుతాయి" అన్నాడు. రిగ్గు నూనె కలిసిన నీళ్ళవి, అదీ పూడ్చాం. డ్రిల్లింగ్ నీళ్ళలో కలిపే బెంటోనైట్ మట్టి ఖాళీ సంచులు మాత్రం దులుపుకుని పట్టుకెళ్ళాడు.