క్యాంపు ఒక కొసన, డ్యూటీ ఒక కొసన

దుబాయిలో మేం కూలీలం ఉండే క్యాంపు సోనాపూర్‌లో, షార్జా సరిహద్దు దగ్గర. సైటేమో జెబెల్ అలీ దిక్కు. ఇటు కొసన పడక, అటు కొసన పని, నడుమ పట్నమంతా. ఆరింటికి డ్యూటీ ఎక్కాలంటే నాలుగున్నరకే కంపెనీ బస్సు. అంతకుముందే అన్నం వండి డబ్బా కట్టుకోవాలి. బస్సులో గడిచిన గంటలు డ్యూటీ కార్డు మీద ఎక్కవు.

సాయంత్రం ఇంకా అన్యాయం. షార్జాలో కిరాయిలు తక్కువని వేలమంది అక్కడుండి దుబాయిలో కొలువు చేస్తారు. వాళ్ల కార్లన్నీ, మా బస్సులన్నీ ఒక్క దిక్కే మళ్లుతాయి. ఎన్ని లైన్ల రోడ్డు వేసి ఏం లాభం? మెట్రో 2009లోనే వచ్చింది, కాని అది మా క్యాంపు దాకా రాదు. సెలవునాడు పట్నంలో దేరా బజారుకు పోవాలన్నా ముందు బస్సెక్కాల్సిందే. క్యాంపుల చుట్టూ క్యాంపులే, గోదాములే. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో గీత గీసినోళ్లే మా నిద్ర ఎంతో కూడా గీసిండ్రు.

వరంగల్‌లో మా తాత ఆజంజాహి మిల్లులో పనిచేసిండు. 1934లో పెట్టిన మిల్లు అది. సైరన్ మోగినంక చెప్పులేసుకొని బయల్దేరినా షిఫ్టు అందేదట. బస్తీ, కిరాణం, చాయ్ హోటల్, బడి అన్నీ నడిచే దూరంలోనే. మిల్లు మూతపడ్డది, ఆ జాగ ప్లాట్లకు, ఆఫీసులకు పోయింది.

మొన్న సెలవుల మీద వస్తే తమ్ముడు హనుమకొండ పక్కన భీమారం అవతల ఇల్లు కట్టిండు. ఇల్లు బాగుంది, గాలి బాగుంది. కొత్తిమీర కట్టకు బండి తీయాలె. బడికి ఆటో, అమ్మ దవాఖానకు ఆటో. గజం రేటు అందరికీ నోటి మీదే ఉంది, దుకాణం ఎక్కడుందని అడిగినోడు లేడు. రెండు బండ్లు లేని ఇల్లు ఆ కాలనీలో నాకు కనబడలేదు.

బట్టల పని మళ్లీ వచ్చింది, ఈసారి ఊరవతల, శాయంపేట దగ్గర టెక్స్‌టైల్ పార్కులో. 2017లో శంకుస్థాపన చేసిండ్రు. పార్కు పక్కనే కార్మికులకు ఇండ్లు, అంగడి, బడి కడితే మా తాత లెక్క నడిచిపోతరు. లేకుంటే మా లెక్క బస్సే.

తమ్ముని బిడ్డకు అక్కడే పని దొరికింది. "పెద్దబాపు, జీతం ఎంతో తెలుసా?" అంటది ఫోన్‌లో. "బస్సు ఎన్నింటికి బిడ్డా?" అన్న నేను.