లీగో అంటే ఊగడమట

లాట్వియా రాజధాని రీగాకి వచ్చిన మొదటి ఏడాది ఈ పండగ రోజుల్లో నేను గదిలోనే ఉండిపోయాను. ఏడాదిలో పగలు బాగా పొడవుగా ఉండే రోజుల్లో చేసే పండగ ఇది: జూన్ 23న లీగో, 24న యాని, రెండూ సెలవులే. ఊరు ఊరంతా పల్లెలకి వెళ్ళిపోతుంది. మన దగ్గర సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే. అందుకే ఈసారి మా క్లాస్‌మేట్ "త్సేసిస్ దగ్గర మా అమ్మమ్మ ఇంటికి రా" అనగానే ఒప్పేసుకున్నాను.

వట్టి చేతులతో వెళ్ళకూడదని ముందురోజు డోమ్ స్క్వేర్‌లో పెట్టే గడ్డి సంతకి, అంటే పండగకి పూలూ ఆకులూ అమ్మే సంతకి వెళ్ళాను. తలకి పెట్టుకునే ఓక్ ఆకుల దండ ఒక్కటి ఇరవై యూరోలు చెప్పారు. ఆకుల దండకి! నాకది నాలుగు రోజుల కూరగాయల ఖర్చు. కొనకుండానే వచ్చేశాను, రాత్రంతా దాని గురించే బాధపడ్డాను. తీరా వెళ్ళాక తెలిసింది, అక్కడ ఎవరూ దండ కొనరు, కూర్చుని కట్టుకుంటారు.

ట్రైన్‌లో నిలబడే వెళ్ళాం. ఇల్లు చేరేసరికి గేటుకి రెండు పక్కలా లేత బర్చ్ కొమ్మలు కట్టి ఉన్నాయి. మామిడి తోరణం చూసినట్టు ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ వాకిట్లో చాప మీద కూర్చుని పూలు వేరు చేస్తోంది. అందరూ ఆవిడని 'ఓమె' అంటున్నారు, అమ్మమ్మ అని. నేనూ అలాగే పిలిచాను.

తెల్ల డైసీలు, నీలంగా మెరిసే రైచేను పూలు, ఎర్ర క్లోవర్, మదరా అనే సన్నటి పసుపు పూలు. మదరా గుత్తిని ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన. ఆ పసుపు చూస్తే నాకు తంగేడే గుర్తొచ్చింది. ఓమె రెండు కాడలు పట్టుకుని, మూడో కాడని వాటి చుట్టూ తిప్పి, కింద నుంచి లాగి, మళ్ళీ వాటితో కలిపి పడుకోబెడుతోంది. జడ అల్లినట్టే. నాకు మాత్రం కాడలు జారిపోతున్నాయి. ఇక దారం అడిగి, అమ్మ మల్లెపూలు కట్టే పద్ధతిలో ఇటు రెండు, అటు రెండు పెట్టి, వేలికి దారం మెలేసి ముడి బిగించాను. ఓమె తన దండ పక్కన పెట్టి నా వేళ్ళ వైపే చూసింది. మళ్ళీ చూపించమంది. మూడోసారికి తనే కట్టేసింది! డెబ్బై ఎనిమిదేళ్ళ వేళ్ళు అవి.

ఆడవాళ్ళకి పూలు, మగవాళ్ళకి ఓక్ ఆకులు. గుడ్డలో కట్టి, రాయి కింద నొక్కి ఉంచిన జున్నులాంటి చీజ్ తెచ్చి కోశారు. సూర్యుడిలా గుండ్రంగా, పచ్చగా ఉంది. అందులో షాజీరాలాంటి గింజలు పంటికి తగులుతుంటే ఇంటి తిండి తిన్నంత తృప్తి.

ఓమె తన చిన్నప్పటి సంగతి చెప్పింది. సోవియట్ కాలంలో ఈ పండగ పాలకులకి నచ్చేది కాదు, కొంతకాలం సెలవు కూడా తీసేశారు. ఆవిడకి అప్పుడు పద్నాలుగేళ్ళట. వాళ్ళ నాన్న పశువుల కొట్టం వెనక చిన్న మంట వేస్తే, అందరూ గొంతు తగ్గించి పాడుకున్నారట. "పాట ఆపలేదు" అంది, కత్తితో చీజ్ కోస్తూనే.

రాత్రి పది దాటాక పొద్దు గుంకింది. అప్పటికే మంట వెలిగించారు. సూర్యుడు మళ్ళీ వచ్చేదాకా ఆరనివ్వకూడదు, ఎవరూ నిద్రపోకూడదు. పోయినేడాది ఎండిన దండలు అందులో వేశారు. ఓమె పాట ఎత్తుకుంది. ఒక్కో పాదం ఆవిడ పాడుతుంటే, చివర అందరూ కలిసి "లీగో, లీగో" అంటున్నారు. కాగితం లేదు, ఫోన్ లేదు. క్రిష్యానిస్ బారోన్స్ అనే ఆయన 1894 నుంచి 1915 దాకా అచ్చు వేయించిన ఇలాంటి చిన్న చిన్న పాటలు రెండు లక్షల పైచిలుకు.

లీగో అంటే ఏంటని నా ఫ్రెండ్‌ని అడిగాను. "ఊగడం. గాలికి కొమ్మ ఊగుతుంది చూడు, అలా" అని చేతులు అటూ ఇటూ ఊపి చూపించింది.

ఒళ్ళు జలదరించింది. మా వరంగల్‌లో బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ప్రతి పాదం చివరా మేం అనేది 'ఉయ్యాలో' అనే కదా! ఒకరు పాడితే అందరూ అందుకోవడం, పూలు, ఆడవాళ్ళు, చివరికి ఊగడం కూడా! పోయిన సద్దుల బతుకమ్మ రోజు రీగాలో గదిలో వీడియో కాల్ పెట్టుకుని అమ్మావాళ్ళు ఆడుతుంటే చూసి ఏడ్చాను. ఇప్పుడు, పది డిగ్రీల చలిలో, పొగ వాసనలో, ఆగలేకపోయాను. లేచి అమ్మ పాడే పాట ఎత్తుకున్నాను. రెండో పాదానికే వాళ్ళకి వరస అర్థమైంది. ఇరవై మంది లాట్వియా వాళ్ళు మంట చుట్టూ "ఉయ్యాలో" అన్నారు. ఓమె గొంతు అన్నిటికన్నా పైన వినిపించింది.

తర్వాత అందరూ మంట మీంచి దూకారు, నేనూ దూకాను. జంటలు అడవిలోకి ఫెర్న్ పువ్వు వెతకడానికి వెళ్ళారు. ఫెర్న్ పూయదు, అది వాళ్ళకీ తెలుసు. నాలుగున్నరకి పొద్దు పొడిచింది. గడ్డిలో చేతులు తడిపి మంచుతో ముఖం కడుక్కున్నాం.

తిరుగు ట్రైన్‌లో వాడిన దండలతో అందరూ నిద్రపోతున్నారు. నా దండ ఒళ్ళో పెట్టుకుని అమ్మకి ఫోన్ చేశాను.

"ఏం పూలు పెట్టిండ్రు బిడ్డా? తంగేడు దొరుకుతదా ఆడ?"

"తంగేడు లేదమ్మా, దాని లెక్కనే పచ్చపూలు ఉన్నయి."

"మరి గౌరమ్మను చేసిండ్రా?"

"లేదమ్మా, మంట పెట్టిండ్రు. పొద్దు పొడిచేదాక దాని చుట్టే తిరిగినం."

"ఊఁ" అని కాసేపు ఊరుకుంది. "ఆ ముసలమ్మకు మన పాట మొత్తం రాసి పంపియ్యి."