తొందరపడకూడని చోట

మా అబ్బాయికి మూడేళ్లప్పుడు, మూత్రం పోసేటప్పుడు అంగం కొనను కప్పే ముందు చర్మం చిన్న బుడగలా ఉబ్బి, కాసేపటికి మామూలుగా సర్దుకోవడం చూసి చాలా భయపడ్డాను. రోజూ స్నానంలో ఆ చర్మాన్ని వెనక్కి లాగి కడగాలని తెలిసినవారు గట్టిగా చెప్పినా, ఎందుకో మనసొప్పక ముందు పిల్లల వైద్యురాలిని అడిగాను.

పుట్టుకతో ఆ చర్మం తన కింది అంగపు కొనకు అతుక్కునే ఉంటుందని, ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే విడివడుతుందని, కొందరికి యౌవనారంభం దాకా పట్టినా అది జబ్బు కాదని ఆమె ఓపికగా వివరించారు. బలవంతంగా లాగితే చీలికలు పడి, అవి మానేటప్పుడు మచ్చకట్టి, లేని బిగుతు కొత్తగా వస్తుందట. ఈ సహజ క్రమాన్ని బ్రిటిష్ వైద్యుడు గెయిర్డ్‌నర్ 1949లోనే రాశారని తెలిసినప్పుడు, ఇన్నేళ్లయినా ఈ మాట ఇళ్లకు చేరలేదే అని బాధ కలిగింది.

పైపైన నీళ్లతో కడిగితే చాలు. అప్పుడప్పుడు కనిపించే తెల్లని పలుకులు రాలిన చర్మకణాలే. నొప్పి, ఎర్రదనం, వాపు, జ్వరం ఉన్నా, ధార బాగా సన్నబడినా మాత్రం వైద్యులకు చూపించాలి.

వాడు ఆటకు పరుగెత్తాలని మూత్రం పోయడం సగంలోనే ఆపి లేచేవాడు, నిక్కరు తడిసేది. ఇప్పుడు కోప్పడకుండా, "అయిపోయిందా నాన్నా, ఇంకాస్త ఆగు" అంటున్నాను.