రీడయల్ బావా ఇది

పదకొండున్నర దాటింది. ఈవిడా పిల్లలూ ఎప్పుడో పడుకున్నారు. నాకు మాత్రం పొద్దున మా బావమరిది, మా మేనమామ కొడుకు, అన్న మాట చెవిలోంచి పోవడం లేదు.

కార్తీక సోమవారమని మా అమ్మను చూడ్డానికి హైదరాబాద్ నుంచి వచ్చాడు. వాడికి పాత వాచీల పిచ్చి. కాఫీ తాగుతూ నా చేతి వంక చూసి, "అదోసారి ఇయ్యి బావా" అన్నాడు. నాన్న వాచీ, హెచ్ఎంటీ సోనా. ఇచ్చాను. ముందు చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత జేబులోంచి భూతద్దం తీసి, కిటికీ దగ్గరికెళ్లి అటూ ఇటూ తిప్పి, "రీడయల్ బావా ఇది, డయల్‌కి మళ్లీ రంగేశారు, ఒరిజినల్ కాదు" అనేశాడు. సంతలో పుచ్చువంకాయ ఏరి పక్కన పడేసినట్టు!

అసలు ఆ వాచీ కొన్నదెవరు? వాళ్ల తాతే. పెళ్లిలో నాన్న అలకపాన్పు మీద కూర్చుని వాచీ అడిగితే, అల్లుడిగారి చేతికి బంగారం రంగే ఉండాలని పట్టుబట్టి మరీ సోనా తెచ్చాడట తాతయ్య. ఆ మనవడే వచ్చి నాకు ఒరిజినల్ కాదని చెబుతాడు.

చెప్పింది మాత్రం అంతా విన్నాను. సోనా కోసం అంతలా వెతుక్కునేది దాని పల్చదనానికట. ఆటోమేటిక్ వాచీలో చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగే బరువు బిళ్ల ఒకటుంటుంది, దానికి చోటు కావాలి. కీ ఇచ్చే వాచీకి ఆ బెడద లేదు, చొక్కా చేతి కిందకి ఇట్టే దూరిపోతుంది. జపాన్ సిటిజన్ వాళ్లతో కలిసి 1961లో బెంగళూరులో మొదలుపెట్టిన హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకి 2016లో కేంద్రం ఒప్పుకుంది. అందుకే పాతవాటికి గిరాకీ. కానీ డయల్ ఫ్యాక్టరీలో వేసిందే అయి ఉండాలట. మచ్చలున్నా ఫర్వాలేదు, మళ్లీ రంగు వేయిస్తే మాత్రం విలువ పోయినట్టే.

భూతద్దంలో నాకూ చూపించాడు. "17 జ్యూయెల్స్" అన్న అక్షరాలు ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. ఆరు దగ్గరి గీత వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఏనాడూ కనపడలేదు. ఇప్పుడు అది తప్ప ఇంకేం కనపడటం లేదు. ఎందుకు చూపించాలి చెప్పండి?

"ఒరిజినల్ డయల్ నేను వెతికిపెడతాలే బావా, మార్పించేద్దాం" అన్నాడు. సరే అన్నాను. వాడు బస్సెక్కి వెళ్లాక కూడా, ఆ రంగు వేసినవాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. నాన్నకి తెలియకుండా ఎవడో పాడుచేసి ఉంటాడని నా అనుమానం. రాత్రి అన్నాల దగ్గర అమ్మతో అదే అన్నాను.

"తెలియకపోవడమేంట్రా? తుపాను తర్వాత లోపలికి నీళ్లు దిగి డయలంతా మరకలు పడిపోతే మీ నాన్నే టౌన్లో ఇచ్చి వేయించారు. కొత్తదానిలా వచ్చిందని ఆ రోజు నాకు పదిసార్లు చూపించారు" అంది.

1996, నవంబర్ 6. నాకప్పుడు పదేళ్లు. పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే వంటింటి మూల గోడకి ఆనుకుని కూర్చున్నాం. పెరట్లో కొబ్బరిచెట్లు విరిగి పడుతున్న చప్పుడు. లాంతరు ఆరిపోయింది. నేను ఊరుకోకుండా టైమెంత నాన్నా, టైమెంత నాన్నా అని అడుగుతున్నాను. సోనాకి చీకట్లో మెరిసే ముళ్లు లేవు, ఏం చూసి చెబుతారు? వాచీ విప్పి నా చెవికి ఆనించి, రెండో చెవిని అరచేత్తో మూసేశారు. గాలి హోరులో ముందు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా టిక్కుటిక్కుమని మొదలైంది. "ఇది ఆడుతున్నంతసేపూ తెల్లవారడం దగ్గరపడుతున్నట్టే. విను" అన్నారు. దానికి సెకన్ల ముల్లు కూడా లేదు, నడుస్తోందో లేదో చెవితోనే తెలుసుకోవాలి. రోజూ పొద్దున ఆరింటికి కీ ఇచ్చే మనిషి, ఆ రాత్రి నా భయం పోవాలని చీకట్లోనే కీ ఇచ్చారు. ఆ కిర్రు కిర్రు చప్పుడుకే నిద్రపోయాననుకుంటా. తెల్లారి చూస్తే పెరట్లో ఒక్క చెట్టు నిలబడి లేదు. వాచీ నా గుప్పెట్లోనే ఉంది, అద్దం లోపల నీటి చెమ్మతో.

అంటే డయల్ పాడైంది నా చేతిలోనే.

ఇందాకే వాడికి మెసేజ్ పెట్టాను, డయల్ వెతకొద్దని. కోపం పోయిందా అంటే పూర్తిగా పోలేదు, ఆ ఆరు దగ్గరి గీత ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కానీ అది మారిస్తే నాన్న పదిసార్లు చూపించి మురిసిపోయిన డయల్ ఏమవుతుంది, ఏ డబ్బాలో పడేస్తారు?

బస్సులో మెలకువగానే ఉన్నట్టున్నాడు. "సరే బావా. సర్వీసైనా చేయిద్దాం, నూనె ఎండిపోయి ఉంటుంది. చెవి దగ్గర పెడితే బరువుగా కొడుతోంది. రోజుకి ఎన్ని నిమిషాలు వెనకబడుతోందో రాసిపెట్టు" అని జవాబిచ్చాడు.

రేపు ఆరింటికి కీ ఇచ్చేటప్పుడు ఫోన్లో టైముతో సరిచూడాలి.