జవాబు తేలని ప్రశ్నకు మార్కులు ఎలా వేయాలి?

తేలని రహస్యాల మీద తొమ్మిది, పది తరగతుల పిల్లలు చేసిన ప్రాజెక్టులను దిద్దేటప్పుడు నేను ముందుగా చదివేది చివరి పేజీ. అక్కడ ‘ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు, ఎందుకంటే ఫలానా ఆధారం దొరకలేదు’ అని రాసి ఉంటే, ఆ విద్యార్థికి పరిశోధన అంటే ఏమిటో అర్థమైందని నాకు నమ్మకం కలుగుతుంది. నిపుణులు తేల్చలేనిదాన్ని పదిహేనేళ్ల పిల్లలు తేల్చాలనడం న్యాయం కాదు కాబట్టి, ముగింపు సరైనదా కాదా అన్నదానికి నేను మార్కులు కేటాయించను. రాసిన ప్రతి విషయం ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలిసి రాశారా అన్నదానికే సగానికి పైగా మార్కులు.

విశాఖపట్నంలో ఈ అంశం ఇస్తే గాజీ మీద ప్రాజెక్టులు రాక మానవు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియాన్నీ, 1971 యుద్ధ విజయానికి గుర్తైన విక్టరీ ఎట్ సీ స్మారకాన్నీ చూస్తూ పెరిగిన పిల్లలకు అది సొంత ఊరి కథ. 1971 డిసెంబరు మొదటి రోజుల్లో, అధికారిక కథనం ప్రకారం 3, 4 తేదీల నడిమి రాత్రి, పాకిస్తాన్ జలాంతర్గామి పీఎన్ఎస్ గాజీ మన తీరానికి దగ్గరలో మునిగిపోయిందన్నదాన్ని ఎవరూ కాదనరు; ఎందుకు మునిగిందన్న దగ్గరే వాదాలు చీలుతాయి. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ ఛార్జీలే (నీటి లోపల పేలే బాంబులే) కారణమని భారత నౌకాదళం, జలాంతర్గామి లోపలి పేలుడో, సముద్రంలో అది పరిచిన సొంత మందుపాతరలో (మైన్లో) కారణమని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. లోపల ఉన్నవారిలో ఒక్కరూ బతకలేదు. చాలామంది పిల్లలు మొదటి వాదం ఒక్కటే రాసి, దానికి ఆధారంగా సినిమా దృశ్యాలు అతికిస్తారు. ఒక అమ్మాయి మాత్రం ప్రతి వాదానికీ ఎదురుగా అది ఎవరు చెప్పారో, ఆ రాత్రి వాళ్లు అక్కడ ఉన్నారో లేదో, అలా చెప్పడం వల్ల వాళ్లకు ప్రయోజనం ఏమైనా ఉందో పట్టికగా గీసింది. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు ఆ ప్రాజెక్టుకే వేశాను. నౌకాదళ కుటుంబాలున్న ఊళ్లో పిల్లల చేత ఇటువంటి సందేహాలు రాయించడం తగునా అని తోటి ఉపాధ్యాయులొకరు అడిగారు. తగునన్నదే నా అభిప్రాయం. విమానవాహక నౌక విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించి, దాన్ని అండమాన్ వైపు తరలించిన ఎత్తుగడ గొప్పతనం, గాజీ ఏ కారణంతో మునిగినా తగ్గదు.

దూరదేశపు రహస్యాలలో పిల్లలు తరచుగా ఎంచుకునేది 1872లో అట్లాంటిక్‌లో మనుషులు లేకుండా దొరికిన మేరీ సెలెస్ట్ ఓడను. పడవలన్నీ ఓడలోనే ఉండగా మనుషులు మాయమయ్యారని రాస్తారు. నిజానికి ఆ ఓడకున్న ఒక్క పడవా కనిపించలేదు. పడవలు చెక్కుచెదరకుండా ఉన్నాయన్న మాట 1884లో అచ్చయిన ఒక కల్పిత కథలోది. పడవ లేదని తెలిశాక ‘మనుషులు ఎలా మాయమయ్యారు’ అన్న ప్రశ్న పోయి, ‘బాగున్న ఓడను వదిలి పడవలోకి ఎందుకు దిగారు’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ మార్పును పట్టుకున్న విద్యార్థికి నేను అదనంగా మార్కులు ఇస్తాను.

ఏఐ చేత రాయించిన ప్రాజెక్టుల గురించి పెద్దగా బెంగ పెట్టుకోనక్కర్లేదు. ‘ఈ మాట నీకు ఎక్కడ దొరికిందమ్మా? నీ అభిప్రాయం మారాలంటే ఏం బయటపడాలి?’ అని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే ఎవరు చదివారో ఇట్టే తెలిసిపోతుంది.

2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్తూ 29 మందితో అదృశ్యమైన వైమానిక దళ ఏఎన్-32 విమానం మీద వచ్చే ప్రాజెక్టులను మరింత శ్రద్ధగా చూస్తాను. ‘నేటికీ ఆచూకీ లేదు’ అని రాస్తే మార్కులు తగ్గుతాయి; సముద్రంలో సుమారు 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనిపించాయని 2024 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఎక్కడ పడిందన్నది తేలింది, ఎందుకు పడిందన్నది తేలలేదు అని విడదీసి రాయాలి. ఆ విమానంలో విశాఖ నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. వారి కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని, ఆధారం లేని ఊహలను ఆ ప్రాజెక్టులో రాయకూడదని అంశం ఇచ్చే రోజునే పిల్లలకు చెబుతున్నాను.