శనివారం సాయంత్రం ఐదింటికి

కువైట్‌లో నాకు శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం పొద్దున్నే డ్యూటీ. ఇక్కడ ప్రైవేటు కంపెనీల్లో చాలామందికి శుక్రవారం ఒక్కటే సెలవు కాబట్టి, రెండు రోజులు దొరకడం నా అదృష్టమే. అయినా శనివారం సాయంత్రం ఐదయ్యేసరికి కడుపులో తిప్పినట్టుంటుంది. టీ సహించదు. రూములో వాళ్లు మాట్లాడుతుంటే ఊఁ కొడతాను గానీ మనసు గోడౌన్ గేటు దగ్గరే ఉంటుంది.

మా రూములో పీలేరు వైపు పెద్దాయన ఒకరున్నారు. 2007లో సెలవులు మార్చక ముందు, గురు, శుక్రవారాలు సెలవున్న రోజుల నుంచి ఇక్కడే ఉన్నారు. "అప్పుడు నాకు ఈ గుబులు శుక్రవారం సాయంత్రం పట్టేది నాయనా" అంటారు. ఆయన ఆ మాట చెప్పాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నాకొక్కడికే ఉన్న జబ్బు కాదన్నమాట.

నేను బిల్డింగ్ సామాన్ల గోడౌన్‌లో స్టోర్‌కీపర్‌ని. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. మంచి రూలు, అది లేకపోతే మనుషులు రాలిపోతారు. అయితే మా లోడింగంతా ఆరుబయటే. 11 లోపు తెమలాలి. రెండు రోజులు ఆగిన ఆర్డర్లన్నిటికీ ఆదివారం తెల్లారేసరికి లారీలు వరసగా నిలబడి ఉంటాయి. పోయినేడు అలాంటి ఒక ఆదివారం పైపు ఫిట్టింగుల లెక్కలో 40 తేడా వచ్చింది. సూపర్‌వైజర్ డ్రైవర్లందరి ముందూ అరిచాడు. తర్వాత చూస్తే ఆ 40 పక్క ర్యాక్‌లోనే ఉన్నాయి. ఆ సంగతి ఇప్పుడక్కడ ఎవరికీ గుర్తు లేదు. నాకు మాత్రం ప్రతి శనివారం గుర్తొస్తుంది.

మాది తిరుపతి, కొర్లగుంట. అమ్మ గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముతుంది. ఇక్కడ ఐదంటే అక్కడ ఏడున్నర. శనివారం స్వామి రోజు కదా, బేరం బాగా జరిగి, బుట్ట ఖాళీ చేసుకుని ఆ టైముకి ఇంటికొస్తుంది. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి మాట్లాడుతుంది. ఒకసారి మాట్లాడుతూనే అరటినార మీద నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. తెల్లారి నాలుగింటికి మార్కెట్‌కి పోతే గానీ పూలు రావు.

"ఇప్పుడే ఎందుకు మా?" అన్నాను.

"చీకట్లో లేస్తే నాకూ దిగులే రా. ఈపొద్దు పూలు ఎంత చెప్తారో, మిగిలిపోతాయేమో అని. నార తడిసి ఉంటే చేతులు వాటంతటవే కట్టేదానికి మొదలుపెడతాయి" అనింది.

అమ్మకు దిగులుంటుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. చిన్నప్పుడు నేను లేచేసరికే మూరలు మూరలు కట్టేసి ఉండేవి. ఆమెకు అది అలవాటైన పని అనుకున్నాను, అంతే.

ఆ వారం నుంచి గురువారం డ్యూటీ దిగే ముందు పది నిమిషాలు ఆగుతున్నాను. ఆదివారం మొట్టమొదట చేయాల్సిన పని ఒక్కటి చీటీ మీద రాసుకుంటాను. "ఏడో ర్యాక్, అరంగుళం ఎల్బోలు, లెక్కపెట్టు." మొదట్లో పనులన్నీ లిస్టుగా రాసి చూశాను. అది చూస్తే టెన్షన్ రెట్టింపయింది. ఒక్కటి చాలు. శనివారం మధ్యాహ్నం దాకా పడుకోవడం కూడా మానేశాను, అలా పడుకుంటే ఆ రాత్రి రెండైనా కన్ను మూతపడదు.

గుబులు పోలేదు. ఈ శనివారం కూడా ఐదింటికి వచ్చింది. ఫోను చేశాను.

"తిన్యావా?"

"మధ్యాహ్నం సంగటి చేసుకున్నాం మా, ఊరిబిండితో."

"చీటీ రాసినావా?"

పర్సులోంచి తీసి కెమెరాకు చూపించాను. అమ్మకు చదువు రాదు. కళ్లు చిట్లించి కాసేపు చూసింది.

"బాగా పెద్దక్షరాలతో రాసినావు" అని, నార మీద ఇంకాసిని నీళ్లు చల్లింది.